జీతం ఖాతా మీద ఓడీ తీసుకోవాలా? మూడు రకాల ఓవర్‌డ్రాఫ్ట్‌లపై రివ్యూ

నెలాఖరు వారంలో ఖాతా అడుగంటడం, సరిగ్గా అదే వారంలో ఈఎంఐయో ఇన్సూరెన్స్ ప్రీమియమో పడటం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లకు కొత్తేం కాదు. ఆ నాలుగైదు రోజులు గట్టెక్కడానికి బ్యాంకులు ఇచ్చే సదుపాయం ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి ఒక హద్దు (లిమిట్) దాకా అప్పుగా వాడుకోవడం. కౌంటర్ దగ్గరైనా ఫోన్‌లోనైనా అందరూ అనే మాట ఓడీ. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల ఉద్యోగులకైతే జీతం ఖాతా తెరిచిన కొన్నాళ్లకే యాప్‌లో బ్యానర్ ఊగుతూ ఉంటుంది: మీకు ఇన్ని వేల ఓడీ సిద్ధంగా ఉంది, ఓటీపీ కొడితే చాలు.

ఇక్కడ పరిశీలించేవి మూడు. జీతం మీద ఇచ్చే ఓడీ, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే ఓడీ, జన్‌ధన్ ఖాతా ఓడీ. పోలికకు పక్కనే ఆటో స్వీప్ కూడా. తీర్పు ముందే చెప్పేస్తాం. ఎఫ్‌డీ ఉన్నవాళ్లు జీతం ఓడీ జోలికి పోనక్కర్లేదు. ఎఫ్‌డీ లేనివాళ్లకు జీతం ఓడీ పనికొస్తుంది, అదీ ప్రాసెసింగ్ ఫీజు లేకుండానో నామమాత్రపు ఫీజుతోనో ఇస్తేనే. వడ్డీ రేటొక్కటే చూసుకుని సంతకం పెట్టినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

వడ్డీ లెక్క

ఓడీలో లిమిట్ మొత్తానికి వడ్డీ పడదు. వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే పడుతుంది. ప్రతిరోజూ రాత్రికి ఖాతా ఎంత అప్పులో ఉందో చూసి, దాన్ని వడ్డీ రేటుతో గుణించి 365తో భాగిస్తారు. అలా నెలంతా కూడిన మొత్తాన్ని నెలాఖరున ఒకేసారి డెబిట్ చేస్తారు. పొద్దున తీసి సాయంత్రంలోగా తిరిగి వేసేస్తే ఆ రోజు వడ్డీ సున్నా.

ఒక ఉదాహరణ. జీతం 62,000, 31న పడుతుంది. ఇరవై ఐదో తేదీ రాత్రికి ఖాతాలో సొంత డబ్బు 6,000. మర్నాడు 24,000 ప్రీమియం కట్ అయింది. స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ గడిలో 18,000 పక్కన 'డీఆర్' అని కనిపిస్తుంది, అంటే అంత అప్పు. 26 నుంచి 30 దాకా ఐదు రాత్రులు. వడ్డీ 14 శాతమైతే 18,000 మీద ఐదు రోజులకు 34 రూపాయల 52 పైసలు. ముప్పై ఒకటిన జీతం పడగానే అప్పు దానంతటదే తీరిపోయి 44,000 'సీఆర్'గా మిగులుతుంది. విడిగా కట్టాల్సిన పని లేదు.

మన లెక్కలో చెప్పాలంటే 14 శాతం అంటే నూటికి నెలకు రూపాయి పావలా కన్నా కాస్త తక్కువ. బయట చేబదులు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36. ఆ లెక్కన ఓడీ చవకే. ఎఫ్‌డీ మీద ఓడీ అయితే ఇంకా చవక. ఏడున్నర శాతం అంటే నూటికి నెలకు అరవై రెండు పైసలు చిల్లర.

అదే ప్రీమియం బదులు లోన్ ఈఎంఐ ఉండి, ఓడీ లేక బౌన్స్ అయి ఉంటే? జీతం ఖాతా ఉన్న బ్యాంకు, మాండేట్ (ఖాతాలోంచి ఈఎంఐ కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రిటర్న్ చార్జీ కింద 250 నుంచి 500 దాకా, పైన 18 శాతం జీఎస్టీ వేస్తుంది. అంటే 500 కాస్తా 590 అవుతుంది. అప్పిచ్చిన సంస్థ తన వంతుగా మరో నాలుగైదు వందలు బౌన్స్ చార్జీ రాస్తుంది. రెండు రోజుల తర్వాత మళ్లీ మాండేట్ పంపి, అప్పుడూ డబ్బు లేకపోతే ఈ రెండు చార్జీలూ మళ్లీ పడతాయి. సిబిల్ (అప్పులు కట్టిన చరిత్రకు ఇచ్చే స్కోరు) మీద మచ్చ సరేసరి. డబ్బు లేక ఇలాంటి మాండేట్ తిరిగొస్తే, చెక్ బౌన్స్‌కు సెక్షన్ 138 ఉన్నట్టే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద కేసు వేసే హక్కు కూడా అవతలివాళ్లకు ఉంది. కాబట్టి 34 రూపాయల వడ్డీతో వెయ్యికి పైగా తప్పించుకోవడం మంచి బేరమే. ఓడీకి దక్కాల్సిన మార్కులు ఇక్కడే దక్కుతాయి.

ఫీజు కలిపితే

ఇప్పుడు అసలు సంగతి. జీతం ఓడీకి చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. కొన్ని బ్యాంకులు లిమిట్‌లో ఇంత శాతం అంటాయి, కొన్ని ఫ్లాట్‌గా వెయ్యో రెండు వేలో అంటాయి. ఉదాహరణకు 1,999 అనుకుందాం. జీఎస్టీతో 2,359. ఏడాది తిరిగాక రెన్యూవల్ పేరుతో మళ్లీ ఫీజు.

పైన చెప్పినట్టే ఏడాదికి నాలుగుసార్లు, ప్రతిసారీ 18,000 ఐదు రోజుల చొప్పున వాడారనుకోండి. వడ్డీ మొత్తం 138. ఫీజు 2,359. కలిపితే 2,497. పద్దెనిమిది వేలు ఇరవై రోజులు వాడుకున్నందుకు ఇంత కట్టినట్టు. ఏడాది వడ్డీగా మార్చి చూస్తే 253 శాతం. బ్రోచర్‌లో ఉన్న 14 ఎక్కడ, ఈ 253 ఎక్కడ!

నాలుగుసార్లూ బౌన్స్ చేసుకుంటే నాలుగు వేలు దాటుతుంది కదా, అంతకన్నా నయమే కదా అనొచ్చు. నిజమే. కానీ పోల్చాల్సింది బౌన్స్‌తో కాదు, ఈఎంఐ తేదీ మార్చుకోవడంతో. చాలా సంస్థలు రాతపూర్వకంగా అడిగితే ఈఎంఐ తేదీని 5కో 7కో మారుస్తాయి. కొన్ని కొంత రుసుం తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. జీతం నెలాఖరునో ఒకటో తేదీనో పడేవాళ్లు తేదీలన్నీ ఐదుకు జరుపుకుంటే సగంమందికి ఓడీ అవసరమే ఉండదు. ఈ మాట ఓడీ అమ్మే రిలేషన్‌షిప్ మేనేజర్ చెప్పడు, చెప్పాలని ఆశించడం కూడా అత్యాశే.

కాబట్టి సంతకానికి ముందు అడగాల్సినవి: ప్రాసెసింగ్ ఫీజు ఎంత, రెన్యూవల్ ఫీజు ఎంత, రెన్యూవల్ దానంతటదే అవుతుందా, వాడని లిమిట్ మీద ఏమైనా చార్జీ ఉందా. ఈ నాలుగింటికీ జవాబు మంజూరు లెటర్‌లో రాసి ఉండాలి. నోటిమాట చెల్లదు.

లిమిట్ ఏ ఖాతా మీద ఉంది?

దీన్ని చాలామంది పట్టించుకోరు. ఓడీ రెండు రకాలుగా పెడతారు. ఒకటి, మీ జీతం ఖాతా మీదే లిమిట్ వేయడం. ఖాతా సున్నాకి వచ్చినా లిమిట్ దాకా డబ్బు వెళ్తూనే ఉంటుంది. రెండోది, ఓడీకి వేరే ఖాతా నంబర్ ఇవ్వడం. అందులోంచి మీరే జీతం ఖాతాలోకి బదిలీ చేసుకోవాలి.

రెండో పద్ధతిలో ఓడీ ఉండి కూడా ఈఎంఐ బౌన్స్ అవుతుంది. మాండేట్ జీతం ఖాతా మీద ఉంటుంది, లిమిట్ పక్క ఖాతాలో ఉంటుంది. సిస్టమ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి దానంతటది లాక్కోదు. ఓడీ ఉంది కదా అనుకుని ధీమాగా పడుకుంటే పొద్దున్నే రిటర్న్ మెసేజ్. ఎన్ఏసీహెచ్ (ఈ మాండేట్లను నడిపించే వ్యవస్థ) డెబిట్లు తెల్లవారుజాము నుంచే మొదలవుతాయి. 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా నడుస్తున్నాయి. 'సోమవారం కదా, చూద్దాంలే' అనే వెసులుబాటు ఇప్పుడు లేదు. ఓడీ ఖాతా వేరుగా ఉన్నవాళ్లు ఈఎంఐ తేదీకి ముందురోజు సాయంత్రమే బదిలీ చేసిపెట్టుకోవాలి.

మొదటి పద్ధతిలో ఇంకో చిక్కు. యాప్‌లో 'అవైలబుల్ బ్యాలెన్స్' అని కనిపించే అంకెలో లిమిట్ కూడా కలిసి ఉంటుంది. సొంత డబ్బు 6,000, లిమిట్ 1,20,000 అయితే తెర మీద 1,26,000 కనిపిస్తుంది. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ స్కాన్ చేసేటప్పుడు ఆరు వేలు ఎప్పుడు దాటామో ఎవరికి తెలుస్తుంది? యూపీఐకి ఆ తేడా తెలీదు, లిమిట్ ఉన్నంతవరకూ వెళ్లిపోతూనే ఉంటుంది. ఖాతా వివరాల్లోకి వెళ్తే 'లెడ్జర్ బ్యాలెన్స్' అనో 'క్లియర్ బ్యాలెన్స్' అనో ఉంటుంది. చూడాల్సింది దాన్ని. కొన్ని యాప్‌లలో అది రెండు తెరలు లోపల దాగి ఉంటుంది. ఈ డిజైన్‌కు మాత్రం మా దగ్గర మార్కులు లేవు. సొంత డబ్బునూ అప్పునూ ఒకే అంకెలో కలిపి చూపించడం కావాలని చేసినా, తెలియక చేసినా తప్పే.

వీలైతే రోజువారీ యూపీఐకి వేరే ఖాతా పెట్టుకుని, ఓడీ ఉన్న ఖాతాను ఈఎంఐలకూ ప్రీమియంలకూ మాత్రమే వదిలేయడం మేలు.

లిమిట్ ఎంత, ఎన్నాళ్లు

జీతం ఓడీ సాధారణంగా చేతికొచ్చే జీతానికి రెండు మూడు రెట్లు ఇస్తారు. ఏడాదికోసారి రివ్యూ. కొన్నిచోట్ల డ్రాప్‌లైన్ ఓడీ అని ఇంకో రకం అంటగడతారు. పేరులోనే ఉంది, లిమిట్ నెలనెలా దిగిపోతుంది. 1,20,000 లిమిట్ పన్నెండు నెలలకు అంటే నెలకు పదివేల చొప్పున కోత. ఆరు నెలలు గడిచేసరికి లిమిట్ 60,000. అప్పటికి మీరు 70,000 వాడి ఉంటే పదివేలు లిమిట్ దాటినట్టే లెక్క, మీరు కొత్తగా పైసా తీయకపోయినా సరే. తీసుకునేటప్పుడు 'లిమిట్ స్థిరంగా ఉంటుందా, దిగుతుందా' అని ఒక్క ప్రశ్న అడిగితే ఈ గొడవ ఉండదు.

లిమిట్ దాటితే ఇదివరకు మామూలు వడ్డీ మీద అదనంగా రెండు శాతమో ఎంతో పెనల్ వడ్డీ వేసి, దాని మీద మళ్లీ వడ్డీ లాగేవారు. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాలతో అది పోయింది. కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి పెనల్ చార్జీ మాత్రమే వేయాలి, దాన్ని వడ్డీ రేటుకు కలపకూడదు, దాని మీద వడ్డీ లెక్కించకూడదు. స్టేట్‌మెంట్‌లో ఇంకా 'పెనల్ ఇంట్రెస్ట్' అని కనిపిస్తే బ్రాంచ్‌కి మెయిల్ పెట్టి నిలదీయొచ్చు.

ఇక ఉద్యోగం మారేవాళ్లు. హైదరాబాద్ ఐటీ వాళ్లలో రెండేళ్లకోసారి కంపెనీ మారడం మామూలే, కొత్త కంపెనీ తన బ్యాంకులో కొత్త జీతం ఖాతా తెరుస్తుంది. పాత ఖాతాలో రెండు మూడు నెలలు జీతం పడకపోతే బ్యాంకు దాన్ని మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్చేస్తుంది, ఓడీ లిమిట్‌ను ఆపేస్తుంది లేదా తిరిగి కట్టమంటుంది. అదే బ్యాంకులో మీకు ఇంకో ఖాతా ఉంటే అందులోంచి జమ చేసుకునే హక్కు కూడా ఒప్పందంలో రాసుకుంటుంది. నోటీస్ పీరియడ్‌లో ఉన్నప్పుడే, ఆఖరి జీతం చేతికి రాకముందే ఓడీ సున్నా చేసుకోవాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ వచ్చాక చూద్దాం అనుకుంటే, అది వచ్చేలోపు వడ్డీ నెలనెలా అసలులో కలుస్తూ పోతుంది.

మిగిలిపోయే చిల్లర

ఇది చిన్న విషయంలా కనిపించి పెద్ద తలనొప్పి తెచ్చేది. ఓడీకి వేరే ఖాతా ఉన్నవాళ్లు 28న అసలు మొత్తం కట్టేసి, పని అయిపోయిందనుకుంటారు. నెలాఖరున బ్యాంకు ఆ నెల వడ్డీ డెబిట్ చేస్తుంది. ముప్పై నాలుగు రూపాయలే కావచ్చు, ఖాతాలో పైసా లేదు కాబట్టి అది అప్పుగా నిలబడుతుంది. ఆ ఖాతాను మళ్లీ ఎవరూ తెరిచి చూడరు.

ఓడీ ఖాతాలకు రిజర్వ్ బ్యాంకు నిబంధన ఇది: బాకీ 90 రోజులపాటు వరుసగా లిమిట్ పైనే ఉన్నా, 90 రోజులు ఖాతాలో జమ ఏమీ లేకపోయినా, పడిన జమలు ఆ కాలంలో వేసిన వడ్డీకి సరిపోకపోయినా ఖాతా 'అవుట్ ఆఫ్ ఆర్డర్' అయి మొండిబాకీ కింద చేరుతుంది. మొత్తం ఎంతన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బ్యాంకులు క్రెడిట్ బ్యూరోలకు 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపుతున్నాయి కాబట్టి ఆలస్యమూ త్వరగానే ఎక్కుతుంది. రేపు కొంపల్లిలోనో నిజాంపేటలోనో ఫ్లాట్‌కు హోమ్ లోన్ పెట్టినప్పుడు ఈ ముప్పై నాలుగు రూపాయలే అడ్డం పడతాయి. వాడినా వాడకపోయినా ఓడీ ఖాతాలో ఐదొందలు జమగా ఉంచితే ఈ బెడద ఉండదు.

ఎఫ్‌డీ మీద ఓడీ: మా మొదటి ఓటు

డిపాజిట్ విలువలో సుమారు 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు. వడ్డీ మీ ఎఫ్‌డీకి వచ్చే రేటుకన్నా ఒకటి, మహా అయితే రెండు శాతం ఎక్కువ. ఎఫ్‌డీకి ఆరున్నర వస్తుంటే ఓడీకి ఏడున్నర. వాడుకున్న రోజులకే కట్టాలి, మీ ఎఫ్‌డీ మీద వడ్డీ మాత్రం మామూలుగానే పెరుగుతూ ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు చాలా బ్యాంకుల్లో ఉండదు. జీతం స్లిప్పులు అక్కర్లేదు, సిబిల్ స్కోరు గురించి పెద్దగా ఆరా తీయరు. తనఖా వాళ్ల దగ్గరే ఉంది కదా.

చిన్న అవసరానికి ఎఫ్‌డీని విరగ్గొట్టడం మనవాళ్ల అలవాటు. లెక్క చూడండి. రెండు లక్షల ఎఫ్‌డీ, రేటు ఆరున్నర శాతం, ఎనిమిది నెలలు గడిచాయి. ఇప్పుడు విరగ్గొడితే ఎనిమిది నెలల కాలానికి వర్తించే రేటు ఇస్తారు, ఆరు శాతం అనుకుందాం, అందులోంచి ఒక శాతం ముందస్తు రద్దు కోత. చేతికొచ్చేది ఐదు శాతం. ఒకటిన్నర శాతం తేడాతో ఎనిమిది నెలలకు పోయేది 2,000. దాని బదులు ఇరవై రోజుల కోసం 50,000 ఓడీ తీసుకుంటే ఏడున్నర శాతం మీద కట్టేది 205 రూపాయలు. అదే అవసరం ఏడాది పొడవునా ఉండి, లక్షన్నర పైనే కావాలంటే మాత్రం ఈ తేడా బాగా తగ్గిపోతుంది, రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

తీసుకునే పద్ధతి సులువు. ఒకే పేరు మీద ఉన్న ఆన్‌లైన్ ఎఫ్‌డీ అయితే నెట్‌బ్యాంకింగ్‌లో డిపాజిట్ల విభాగంలోనో లోన్ల విభాగంలోనో 'ఓవర్‌డ్రాఫ్ట్ అగైనెస్ట్ ఎఫ్‌డీ' అనే ఆప్షన్ ఉంటుంది. ఎఫ్‌డీ ఎంచుకుని, లిమిట్, గడువు చూసుకుని, ఓటీపీ ఇస్తే లిమిట్ తయారవుతుంది. కాగితం ఎఫ్‌డీ రశీదు ఉన్నవాళ్లు బ్రాంచ్‌కి వెళ్లి, రశీదు వెనక సంతకం చేసి, లియన్ (ఎఫ్‌డీని బ్యాంకు పట్టి ఉంచుకునే హక్కు) పత్రం మీద కూడా చేసి ఇవ్వాలి.

అడ్డంకులు మూడు నాలుగున్నాయి. భార్యాభర్తల పేరిట జాయింట్ ఎఫ్‌డీ అయితే 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు) అని ఉన్నా ఒక్కరి సంతకం చాలదు, ఇద్దరూ చేయాలి. మేడమ్‌ని తీసుకురండి అని కౌంటర్‌లో తిప్పి పంపేది అందుకే. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీ మీద ఓడీ ఇవ్వరు, దాన్ని తాకట్టు పెట్టడానికే వీల్లేదు. మైనర్ పేరిట ఉన్నదానికీ సాధారణంగా కుదరదు. లియన్ ఉన్నంతకాలం ఎఫ్‌డీని మూసే వీలుండదు. ఎఫ్‌డీ గడువు తీరే రోజుకి ఓడీలో బాకీ ఉంటే దాన్ని మినహాయించుకుని మిగతాదే ఇస్తారు.

రిటైరైనవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. సైదాబాద్, మలక్‌పేట వైపు పెన్షనర్లు చాలామంది ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) రోజుల నుంచి ఒకే బ్రాంచ్‌లో ఎఫ్‌డీలు వేస్తూ వచ్చినవాళ్లు. 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో విలీనమైనా వాళ్ల నోట ఇప్పటికీ ఎస్‌బీహెచ్చే. ఆస్పత్రి ఖర్చు వస్తే గబగబా ఎఫ్‌డీలు మూసేస్తారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పదిహేను ఇరవై రోజుల్లో తిరిగొచ్చేదే అయితే ఓడీతో నడిపి, ఎఫ్‌డీని కదపకుండా ఉంచొచ్చు. సీనియర్ సిటిజన్ రేటు అర శాతం ఎక్కువ ఉన్నవాళ్లకు ఓడీ రేటు కూడా ఆ మేరకు పెరుగుతుంది. అడిగి తెలుసుకోవాలి.

ఆటో స్వీప్ దీనికన్నా ఒక మెట్టు పైన

సేవింగ్స్‌లో ఒక హద్దు దాటిన డబ్బు దానంతటది ఎఫ్‌డీగా మారడం, ఖాతాలో తక్కువైతే ఆ ఎఫ్‌డీలోంచి కావాల్సినంత ముక్క తిరిగి రావడం ఆటో స్వీప్. ఎస్‌బీఐలో దీన్ని మోడ్ అంటారు, వెయ్యి రూపాయల గుణిజాల్లో విడుస్తుంది. ఇంకొన్ని బ్యాంకులు రూపాయి లెక్కన విడుస్తాయి. అప్పు అనేదే లేదు, సిబిల్‌కు ఎక్కేది లేదు, మాండేట్ రాగానే సిస్టమే లాగుతుంది. విడగొట్టిన ముక్కకు మాత్రమే ముందస్తు కోత. నాలుగు రోజుల లోటు కోసం అయితే ఓడీ కన్నా ఇదే సుఖం. ఓడీ కావాల్సింది ఇరవై ముప్పై రోజుల పెద్ద లోటుకు.

జన్‌ధన్ ఓడీ గురించి కొద్దిగా. 2014లో పథకం మొదలైనప్పుడు 5,000 ఉన్న లిమిట్‌ను 2018లో 10,000 చేశారు, వయోపరిమితి 65కు పెంచారు. ఇందులో 2,000 దాకా షరతులు లేకుండా, ఆపైన ఖాతా కనీసం ఆరు నెలలు సరిగా నడిస్తే ఇస్తారు. ఇంటికి ఒక్కరికే, అదీ వీలైనంతవరకు ఇంటావిడకే. బోరబండలోనో బార్కాస్‌లోనో ఇళ్లల్లో పనిచేసే ఆవిడకు పదివేలు పెద్ద ఆసరా. మంజూరు మాత్రం బ్రాంచ్ చేతిలో ఉంటుంది కాబట్టి అడగందే రాదు, పథకం ఉందని తెలియక వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఓడీ లేకుండానే మైనస్?

ఓడీ తీసుకోనివాళ్ల ఖాతా కూడా మైనస్‌లో కనిపించడం జరుగుతుంది. డెబిట్ కార్డు వార్షిక రుసుం, ఎస్ఎంఎస్ చార్జీలు వంటివి దీనికి కారణం. కొన్ని బ్యాంకులు మైనస్ చూపించకుండా ఆ మేరకు లియన్ పెట్టి, డబ్బు పడగానే కోసుకుంటాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. మినిమమ్ బ్యాలెన్స్ లేదన్న జరిమానా కారణంగానే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరులోనే చెప్పింది, 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత ఖాతా మూయబోతే 'మినిమమ్ బ్యాలెన్స్ జరిమానాల బాకీ ఇంత ఉంది, కట్టి మూయండి' అంటే ఆ సర్క్యులర్ పేరెత్తండి. ఏటీఎంలో డబ్బు లేక లావాదేవీ తిరస్కరిస్తే పడే ఇరవై పాతిక రూపాయలు, పైన జీఎస్టీ మాత్రం న్యాయబద్ధమైన చార్జీయే.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకు

కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్న పిల్లల ఖాతాకు డబ్బు పంపుతుంటారు. అక్కడి చెకింగ్ అకౌంట్ (రోజువారీ ఖర్చుల ఖాతా) ఓవర్‌డ్రాఫ్ట్ మనదానిలాంటిది కాదు. అక్కడ రోజుల లెక్కన వడ్డీ ఉండదు, లావాదేవీకి ఇంత అని ఫ్లాట్ ఫీజు. చాలాకాలం అది 35 డాలర్ల దగ్గర నడిచింది, అంటే సుమారు మూడు వేల రూపాయలు. అద్దెకు 70 డాలర్లు తక్కువైతే బ్యాంకు కట్టేసి 35 తీసుకుంటుంది. ఒకే రోజు మూడు లావాదేవీలు అలా పడితే మూడు ఫీజులు.

2010 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఏటీఎం, ఒక్కసారి చేసే డెబిట్ కార్డు కొనుగోళ్లకు ఖాతాదారు ముందుగా ఒప్పుకుంటేనే ఈ ఫీజు వేయాలి. చెక్కులకు, ఏసీహెచ్ ఆటో పేమెంట్లకు ఆ ఒప్పుకోలు అక్కర్లేదు. ఖాతా తెరిచే రోజు టిక్ పెట్టే గడుల్లో ఇదొకటి, కొత్తగా వెళ్లిన పిల్లలు చదవకుండానే పెట్టేస్తారు. యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి డెబిట్ కార్డు ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ ఆఫ్ చేస్తే, డబ్బు లేనప్పుడు కార్డు తిరస్కరిస్తుంది, ఫీజు పడదు. పక్కన సేవింగ్స్ ఖాతా ఉంటే చెకింగ్‌కు లింక్ చేయించుకోవాలి, తక్కువైతే అందులోంచి వస్తుంది. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకులు 2022లో ఈ ఫీజులు ఎత్తేశాయి, బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 10 డాలర్లకు దించింది. పెద్ద బ్యాంకులకు 5 డాలర్ల పరిమితి పెడుతూ 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనను అక్కడి చట్టసభ కాంగ్రెస్ 2025లో రద్దు చేసింది, కాబట్టి ఆ వార్త పాతది చదివి ధీమాగా ఉండొద్దు. ఇక్కడి నుంచి పంపిన డబ్బు చేరడానికి ఒకటి రెండు పనిదినాలైనా పడుతుంది. అద్దె ఒకటో తేదీ అయితే 26కే పంపడం మంచిది.

మూసేటప్పుడు

జీతం ఓడీని వద్దనుకుంటే బాకీ సున్నా చేయడంతో అయిపోదు. లిమిట్ బతికే ఉంటుంది, ఏడాది తిరగ్గానే రెన్యూవల్ ఫీజు అదే ఓడీలోంచి కోసుకుంటుంది. రెన్యూవల్ తేదీకి నెల ముందే రిజిస్టర్డ్ మెయిల్ నుంచి 'లిమిట్ రద్దు చేయండి' అని రాయాలి, ఆ నెల వడ్డీ ఎంతో కనుక్కుని అది కూడా కట్టాలి, ముగింపు లెటర్ తీసుకోవాలి. ఎఫ్‌డీ ఓడీ అయితే లియన్ తీసేశారో లేదో డిపాజిట్ వివరాల్లో చూసుకోవాలి. బాకీ తీరినా లియన్ మర్చిపోవడం బ్రాంచ్‌లలో మామూలే, గడువు రోజున డబ్బు జమ కాకపోతే గానీ బయటపడదు.

ఫిర్యాదు చేస్తే బ్యాంకుకు 30 రోజులు గడువు. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అందుకోసం సైఫాబాద్‌లోని ఆర్‌బీఐ ఆఫీసు మెట్లెక్కనక్కర్లేదు, ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా వేయొచ్చు, సందేహాలకు 14448 నంబరు ఉంది. ఫిర్యాదుకు బ్యాంకుకు పంపిన మెయిల్, మంజూరు లెటర్, ఆ చార్జీ పడిన పేజీ వరకు స్టేట్‌మెంట్ జతచేయాలి. బ్రాంచ్‌లో నోటితో చెప్పి వచ్చిన ఫిర్యాదుకు ఆధారం ఉండదు కాబట్టి, మెయిల్ పెట్టిన తేదీ నుంచే ఆ 30 రోజులు లెక్కపెట్టుకోండి.